నాణెం మీద దేవుడి పేరు

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మాది అమలాపురం. పదేళ్ళుగా టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. వాడి స్నేహితుడొకడు డాలర్ నోటు చూపించి, "'ఇన్ గాడ్ వి ట్రస్ట్' అని ఉంది చూడు, దేవుడున్నాడని దేశమే ఒప్పుకుంది" అన్నాడట. మావాడు ఇంటికొచ్చి నన్నడిగాడు. ఇక్కడికొచ్చి ఉన్న మా మామయ్యగారేమో "అంత పెద్ద దేశం ఊరికే రాసుకుంటుందా?" అంటున్నారు. ఇద్దరికీ ఏం చెప్పమంటారు?
— ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

జవాబు: అమ్మా, ముందు ఆ మాటను తెలుగులో చెప్పుకొని చూడండి. మీ అబ్బాయికి కావలసిన జవాబులో సగం అక్కడే ఉంది. "దేవుడున్నాడని నమ్ముతున్నాం" అని కాదు దాని అర్థం, "దేవుణ్ణి నమ్ముకున్నాం" అని. నమ్మడం, నమ్ముకోవడం మనకు వేరు వేరు మాటలు. ఒక సంగతి నిజమని ఒప్పుకుంటే నమ్మడం. ఒకరి మీద భారం వేసి బతికితే నమ్ముకోవడం. అనంతపురం మెట్ట రైతు వానను నమ్ముకొని వేరుశనగ వేస్తాడు. వేసిన విత్తనాన్ని చూసి ఆ రైతు ఆశ గురించి, అప్పు గురించి, వేరే దారి లేకపోవడం గురించి ఎంతైనా చెప్పవచ్చు. వాన పడుతుందా లేదా అన్నది మాత్రం ఆ విత్తనం చెప్పలేదు. డాలర్ మీది వాక్యంలో కర్త దేవుడు కాదు, "మేము". అది నిజమా కాదా తేల్చాలంటే ఆ "మేము" అన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి అడగాలి. వాళ్ళందరూ మనసారా నమ్ముకున్నా దేవుడు లేకపోవచ్చు. ఒక్కరూ నమ్ముకోకపోయినా ఉండవచ్చు.

మీ మామయ్యగారి ప్రశ్నను తీసిపారేయకండి. ఆయన అన్నది నిజమే, ఊరికే రాసుకోలేదు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. ఆ నవంబరులో పెన్సిల్వేనియాకు చెందిన వాట్కిన్సన్ అనే పాస్టరు ఆర్థిక మంత్రి సాల్మన్ చేజ్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఆయన బెంగ ఇది: ఈ యుద్ధంలో దేశం ముక్కలై మళ్ళీ అతుక్కోకపోతే, కొన్ని శతాబ్దాల తర్వాత మన నాణేలు చూసినవాళ్ళు మనల్ని దేవుణ్ణి ఎరగని జాతి అనుకోరా? చేజ్ ఆ సూచనను ఫిలడెల్ఫియా టంకశాల అధిపతి జేమ్స్ పొలాక్‌కు అప్పగించాడు. రెండు మూడు మాటలు అనుకొని, మార్చి, చివరికి 1864లో రెండు సెంట్ల నాణెం మీద ఇప్పటి వాక్యం అచ్చు వేశారు. ఆ పాస్టరు ఆరాటం నన్నెప్పుడూ కదిలిస్తుంది. అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకుంటున్న రోజుల్లో ఒక మనిషి, తామెవరో రేపటివాళ్ళకు తెలియాలని తపించాడు. అయితే ఆయన కోరుకున్నది తన జాతి గురించిన సాక్ష్యం. దేవుడి ఉనికికి రుజువు కావాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు, ఆయనకు ఆ అవసరం లేదు కనక.

తర్వాతి కథ చూసినా అంతే. 1907లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కొత్త బంగారు నాణేల మీద ఆ మాట లేకుండా చేయించాడు. నాస్తికుడై కాదు. చేతులు మారే డబ్బు మీద వేస్తే అంత గొప్ప మాట చౌకబారుతుందని, అది దాదాపు అపచారమని ఆయన అభిప్రాయం. జనం గొడవ చేశారు, 1908లో అమెరికన్ కాంగ్రెస్ మళ్ళీ వేయించింది. ఆ తర్వాత సోవియట్ రష్యాతో ప్రచ్ఛన్న యుద్ధం వచ్చింది. వాళ్ళు దేవుణ్ణి కాదన్నవాళ్ళు, మనం అలా కాదు అని చాటుకోవాలన్న పట్టుదలతో 1955లో నోట్లూ నాణేలూ అన్నిటి మీదా ఆ వాక్యం ఉండాలని చట్టం చేశారు. 1956లో దాన్నే జాతీయ సూక్తి చేశారు. కాగితం నోటు మీదికి అది ఎక్కింది 1957లోనే. అంటే భయం పట్టుకున్నప్పుడల్లా ఆ దేశం ఈ మాట దగ్గరికి వెళ్ళింది. అందులో తప్పేమీ లేదు. కష్టం వస్తే మనమూ అదే చేస్తాం.

ఈ మాట ప్రజల మీద మతాన్ని రుద్దుతోందని కొందరు కోర్టుకు వెళ్ళారు. 1970లో ఆరొనో కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు, ఇది దేశభక్తికీ లాంఛనానికీ చెందిన మాట, మతస్థాపనతో దీనికి సంబంధం లేదు అంది. 1984లో మరో కేసులో జస్టిస్ బ్రెనన్, పదే పదే పలికి పలికి ఇలాంటి మాటలకు మతపరమైన బరువు పోయిందని రాశాడు. మీ మామయ్యగారికి ఈ సంగతి తప్పక చెప్పండి. కోర్టులో ఆ వాక్యం నిలబడింది అది దేవుడి గురించి ఏదో తేల్చి చెబుతోందని కాదు, అలా చెప్పడం లేదని. నిజమైన భక్తుడికి ఈ గెలుపు బాధ కలిగించాలి.

మీ అబ్బాయిని ఆ స్నేహితుడితో వాదన పెట్టుకోవద్దనండి. "మీ ఇంట్లో దేవుణ్ణి ఎందుకు నమ్ముకున్నారు?" అని అడగమనండి. నోటు చెప్పలేనిది ఆ పిల్లవాడు చెప్పవచ్చు.

ప్రశ్న: నేను విశ్రాంత తెలుగు పండితుణ్ణి. తర్కంలో శబ్దం కూడా ప్రమాణమే కదా. రాజ్యం తన ముద్ర మీద వేయించుకున్న మాట ఆప్తవాక్యం ఎందుకు కాకూడదు? మన "సత్యమేవ జయతే" ఉపనిషత్తులోది. దాన్ని స్వీకరించిన రాజ్యం పరమాత్మనూ అంగీకరించినట్టే అంటాను.
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పండితులవారికి నమస్కారం. ప్రశ్నను మీరు సరైన చోటికి తెచ్చారు. ఆప్తుడంటే ఎవరో న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు చెప్పిన లక్షణం మీకు తెలిసిందే: విషయాన్ని సాక్షాత్తు తెలుసుకున్నవాడు, తెలుసుకున్నది తెలుసుకున్నట్టు చెప్పాలనుకున్నవాడు. ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా ఈ లక్షణం ఒకటేనన్నాడాయన. దాన్ని టంకశాలకు పెట్టి చూడండి. నాణెంలో లోహమెంత, విలువెంత అన్న విషయంలో టంకశాల ఆప్తురాలే. తూచింది, తెలుసు, ముద్ర వేసి చెప్పింది. ఈశ్వరుడి విషయంలో దానికి ప్రత్యేకంగా తెలిసిందేముంది? ఒక రాజముద్రను ఆప్తవాక్యం అంటే అన్నిటినీ అనాలి. సౌదీ అరేబియా జెండా మీద ఇస్లాం విశ్వాస వాక్యం ఉంది. బ్రిటిష్ నాణెం మీద రాజు పేరు పక్కన "విశ్వాస రక్షకుడు" అన్న బిరుదుకు పొడి అక్షరాలుంటాయి. ఆ బిరుదు 1521లో ఎనిమిదో హెన్రీకి పోప్ ఇచ్చాడు. కొన్నేళ్ళకే హెన్రీ పోప్ పీఠంతోనే తెగతెంపులు చేసుకున్నాడు. బిరుదు మాత్రం నేటికీ నాణెం మీదనే ఉంది. ఒకదానితో ఒకటి పొసగని ఇన్ని సాక్ష్యాల్లో దేన్ని పట్టుకుంటాం?

ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలి రాసినప్పుడు ఈశ్వరసిద్ధికి యుక్తులు వెతికాడు, ఏ రాజు శాసనాన్నీ సాక్ష్యానికి పిలవలేదు. మరోవైపు వేదాన్ని తలకెత్తుకున్న కుమారిలభట్టే సృష్టికర్త ఉన్నాడన్న వాదాన్ని ఒప్పుకోలేదు. వేదవాక్కును గౌరవించినవాళ్ళలోనే ఈశ్వరుడి మాట తేలనప్పుడు, ముండకోపనిషత్తు మాటను 1950 జనవరి 26న రాజ్యం తన చిహ్నం కింద పెట్టుకున్నంత మాత్రాన అది తేలిపోదు. పైగా ఆ మాటకు పైనున్న సింహాలు సారనాథ్‌లో బౌద్ధుడైన అశోకుడు నిలిపినవి. ఆ స్తంభం మీద ఈ వాక్యం లేదు. సృష్టికర్త ప్రసక్తి అక్కర్లేని ధర్మం సింహాలూ, ఉపనిషత్తు మాటా ఒకే ముద్రలో కలిశాయి. ఆ కలయిక నాకు ఎంతో ఇష్టం. దాన్ని ఏదో ఒక పక్షానికి పట్టా చేయడం నాకు నచ్చదు.

పైగా, చోటు మారితే మాట అర్థమూ మారుతుంది. "యోగక్షేమం వహామ్యహం" గీతలో కృష్ణుడి మాట. జీవిత బీమా సంస్థ చిహ్నంలో అదే మాట ఉంది. అక్కడ "నేను" అంటే బీమా సంస్థ.

సత్యం అన్న మాట ఎంత విశాలమో మన విజయవాడ నాస్తిక కేంద్రం గోరా గారి జీవితంలో కనిపిస్తుంది. "దేవుడే సత్యం" అంటూ వచ్చిన గాంధీజీ, 1931 నాటికి "సత్యమే దేవుడు" అనడం మొదలుపెట్టారు. గోరా గారి అమ్మాయి పెళ్ళి సేవాగ్రామ్‌లో జరిపిస్తానన్నప్పుడు, ప్రమాణంలో "దేవుడి పేరిట" అన్నచోట "సత్యం పేరిట" అనడానికి ఒప్పుకున్నారు. గాంధీజీ పోయాక, 1948లో ఆ పెళ్ళి అక్కడే జరిగింది. ఆస్తికుడూ నాస్తికుడూ ఇద్దరూ నిలబడగలిగిన మాట మన రాజముద్ర మీద ఉంది. దాన్ని ఇరుకు చేయవద్దని మీకు నా మనవి.

ప్రశ్న: జెండాల మీద, నాణేల మీద దేవుడి పేరు రాసుకోవాల్సి రావడమే దేవుడు లేడనడానికి రుజువు కదా? అదంతా పాలకుల ఎత్తుగడ. మన రాజ్యాంగం దేవుణ్ణి పక్కన పెట్టి సరైన పని చేసింది.
— డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: బాబూ, నీ మాటలో సగం నిజం. 1991 జనవరిలో, గల్ఫ్ యుద్ధం ముంగిట, సద్దాం హుస్సేన్ ఇరాక్ జెండా మీద "అల్లాహు అక్బర్" చేర్పించాడు. ఆయన బాత్ పార్టీ అప్పటిదాకా మతం కన్నా జాతీయవాదాన్నే పట్టుకున్న పార్టీ. ఎత్తుగడ అన్న మాట అక్కడ అతుకుతుంది. కానీ ఒక మాట ఎందుకు పుట్టిందన్నది వేరు, అది నిజమా కాదా అన్నది వేరు. షాపువాడు లాభం కోసం అమ్మాడని మందు పనిచేయదంటామా? అల్బేనియా 1967లో తనను నాస్తిక రాజ్యంగా ప్రకటించుకుంది, చర్చిలూ మసీదులూ మూయించింది. డాలర్ మీది మాట దేవుణ్ణి నిలబెట్టలేనప్పుడు అల్బేనియా ప్రకటన దేవుణ్ణి రద్దు చేయనూ లేదు. ఒకదానికి పెట్టిన తూకమే రెండోదానికీ పెట్టాలి.

మన రాజ్యాంగం సంగతికొస్తే, 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ పీఠికను "దేవుడి పేరిట" అని మొదలుపెట్టాలంటూ సవరణ తెచ్చారు. విశ్వాసం విషయంలో అది నిర్బంధం అవుతుందని థాను పిళ్ళై అభ్యంతరం చెప్పారు. దేవుడి మీద ఓటు వేయాల్సిన ఇరకాటంలోకి మమ్మల్ని నెట్టవద్దని పూర్ణిమా బెనర్జీ బతిమాలారు. అధ్యక్ష స్థానంలో ఉన్న రాజేంద్రప్రసాద్ కూడా వెనక్కి తీసుకోమన్నారు. కామత్ పట్టు విడవలేదు. అనుకూలం 41, వ్యతిరేకం 68. ఆ సవరణ వద్దన్నవాళ్ళలో ఎందరో రోజూ పూజ చేసుకునే మనుషులు. వాళ్ళు ఓటు వేసింది దేవుడి ఉనికి మీద కాదు, పక్కవాడి నోటితో తమ దేవుడి పేరు పలికించవచ్చా అన్న దాని మీద. అందుకే నేటికీ మంత్రి కావాలన్నా, చట్టసభలో అడుగుపెట్టాలన్నా దైవసాక్షిగా అనవచ్చు, మనస్సాక్షిగా అనవచ్చు. అది రాజ్యాంగం మూడో షెడ్యూలులోనే ఉంది, తెరిచి చదువు.

ప్రశ్న: మా తాతల నాటి పెట్టెలో ఒక చిన్న బంగారు వరహా దొరికింది. ఒకవైపు నిలబడ్డ మూడు దేవతామూర్తులున్నాయి. కుంపిణీ కాలానిదని ఇంట్లో అంటారు. ఇంగ్లీషువాళ్ళు మన దేవుణ్ణి నమ్మారా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు చెప్పిన గుర్తులను బట్టి అది "మూడు స్వాముల వరహా" అనిపిస్తోంది. మధ్యలో విష్ణుమూర్తి, అటూ ఇటూ దేవేరులు. మద్రాసు కుంపిణీ వీటిని అచ్చు వేయించింది. నమ్మకంతో కాదు. విజయనగర రాజుల కాలం నుంచి దేవుడి బొమ్మ ఉన్న వరహాకు ఈ నేల మీద పరపతి ఉంది. అది లేని బంగారాన్ని కోమటి షావుకార్లు అనుమానంగా చూసేవారు. అదే కుంపిణీ బెంగాల్‌లో సిక్కా రూపాయల మీద మొగలు పాదుషా షా ఆలం పేరు వేయించి, ఆయన్ను ముహమ్మద్ మతానికి రక్షకుడని పర్షియన్‌లో రాయించింది. 1835లో ఒకే రకం రూపాయి తెచ్చేదాకా ఈ పద్ధతి నడిచింది. అంతకు ఎంతో ముందు ఘోరీ మహమ్మద్ కూడా ఉత్తర దేశంలో లక్ష్మీదేవి బొమ్మ ఉన్న బంగారు నాణేలు కొట్టించాడు, అక్కడి జనం ఆ నాణేలకే అలవాటుపడ్డారు కాబట్టి.

మీ వరహాను చింతపండుతో తోమకండి, బొమ్మలు అరిగిపోతాయి. అంచులు పట్టుకొని మెత్తటి గుడ్డ మీద పెట్టి, తెలిసిన కంసాలి దగ్గర తూకం వేయించండి. మూడు గ్రాముల నాలుగు వందల మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటే మీ ఇంట్లోవాళ్ళు చెప్పింది నిజమయ్యే అవకాశం ఎక్కువ. వెనకవైపు నున్నగా ఉందా, సన్నటి చుక్కలున్నాయా చూసి మళ్ళీ రాయండి.