పొలము క్రింది గ్యాసు గొట్టము: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసినది

గుడివాడకు తూర్పున ముదినేపల్లి, కైకలూరు వైపు పోవు ప్రాంతమున పొలముల గట్లపైనను, కాలువల ప్రక్కనను అక్కడక్కడ రంగు వేసిన గుర్తు స్తంభములు కనబడును. క్రింద గ్యాసు గొట్టము ఉన్నదనియు, ఇచట త్రవ్వరాదనియు వాటిపై వ్రాయబడి యుండును. ఒక టెలిఫోను సంఖ్యయు ఉండును. వాటిని చూడనివారు లేరు. చదివినవారు మాత్రము తక్కువ. గేదెను కట్టుటకు అనువైన రాయి యని మాత్రమే వాటిని ఎరిగినవారును లేకపోలేదు. ఆ స్తంభముపై గల నాలుగు మాటల వెనుక ఎట్టి శాస్త్రము, ఎట్టి చట్టము ఉన్నవో పంచాయతీ సభ్యులకు వివరించుట ఈ వ్యాసము ఉద్దేశము.

కృష్ణా గోదావరి డెల్టాల భూగర్భమున సహజవాయువు కలదని 1970 దశాబ్దము చివరినుండి ఓఎన్‌జీసీ సంస్థ జరిపిన త్రవ్వకముల వలన తేలినది. నరసాపురము, రాజోలు, తాటిపాక ప్రాంతములతోపాటు కైకలూరు దాపున గల లింగాల కూడ ఈ వాయుక్షేత్రములలో ఒకటి. బావినుండి తీసిన వాయువును బండ్లపై మోసికొనిపోవుట కష్టము. అందుచేత ఉక్కు గొట్టములను భూమిలో పాతి, అధిక పీడనముతో విద్యుత్కేంద్రములకును, కర్మాగారములకును పంపుదురు. ఆ గొట్టములు పోవునది మన వరిచేల క్రిందనే.

వాయువు స్వభావము

సహజవాయువులో అధికభాగము మీథేను. దానికి రంగు లేదు, వాసన లేదు. బరువులో గాలికి సగము కంటె కొంచెమే ఎక్కువ గనుక బయటపడినచో పైకి పోవును. వంటయింటి సిలిండరులోని గ్యాసు ఇందుకు విరుద్ధము. అది గాలికంటె బరువైనది, నేలనంటి పారును. గాలిలో మీథేను నూటికి 5 మొదలు 15 పాళ్ళ వరకు కలిసియున్నపుడు ఒక్క నిప్పురవ్వ చాలును, అంటుకొనును. ఇండ్లకు సరఫరా చేయు వాయువులో మనుష్యులు పసికట్టుటకై ఒక దుర్వాసన గల ద్రవ్యమును కలుపుదురు. దూరప్రాంతములకు పోవు పెద్ద గొట్టములలోని వాయువునకు చాలచోట్ల ఈ వాసన ఉండదు. కనుక వాసన రాలేదు గదా యని ధైర్యము చెప్పుకొనుట తగదు.

నగరం నేర్పిన పాఠము

2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున నాటి తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలములోని నగరం గ్రామమున గెయిల్ సంస్థ గొట్టము పగిలి, మంటలు చెలరేగి, 20 మందికి పైగా మరణించిరి. ఇండ్లు, కొబ్బరిచెట్లు కాలిపోయినవి. నిద్రలేవని పిల్లలు కూడ బలియైరి. ఆ గొట్టము 18 అంగుళముల వ్యాసము కలది. తాటిపాక నుండి బయలుదేరి నాటి కృష్ణా జిల్లా కొండపల్లిలోని విద్యుత్కేంద్రమునకు పోవునట్టిది. అందుచేత ఆ దుర్ఘటన ఎక్కడో కోనసీమలో జరిగినదని మనము అనుకొనుటకు వీలులేదు. ఆ గొట్టపు రెండవ కొస మన వైపే ఉన్నది.

విచారణలో తేలిన ప్రధాన విషయము ఇది. పొడి వాయువు కొరకు ఉద్దేశింపబడిన గొట్టములో నీరును, ఇతర ద్రవములును కలిసిన తడి వాయువును పంపుచు వచ్చిరి. ఆ తడి గొట్టము అడుగున నిలిచి, లోపలి వైపు నుండి ఉక్కును తినివేసినది. పైనుండి చూచువారికి గొట్టము బాగుగనే ఉన్నట్లు కనబడును. లోపల మాత్రము అది పలుచనగుచుండును. ద్రవములతో కూడిన వాయువు గనుక అది పూర్తిగా పైకెగిరిపోక, తెల్లవారకముందు చల్లగాలిలో ఇండ్ల నడుమ పొగమంచు వలె వ్యాపించినది. టీ దుకాణములో పొయ్యి వెలిగించుటతో నిప్పంటుకొన్నదని అప్పుడు చెప్పుకొనిరి. అంతకు పూర్వమే చిన్న చిన్న లీకులు కనబడినవనియు, గ్రామస్థులు మొరపెట్టుకొనిరనియు నాటి పత్రికలలో వచ్చినది. తరువాత ఈ ప్రాంతమున పాత గొట్టములను మార్చు పని చేపట్టబడినది.

చిన్న లీకును చిన్నదిగా చూచుటయే ఇందలి కీడునకు మూలము.

చట్టము ఏమి చెప్పుచున్నది?

భూమిని కొనకుండ, దాని క్రింద గొట్టము వేయు హక్కును మాత్రమే పొందుటకు 1962లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. భూమి రైతుదే, సాగు రైతుదే. గొట్టము వేయు హక్కు మాత్రము సంస్థకు పోవును. ప్రకటన వెలువడిన 21 దినములలోగా రైతు తన ఆక్షేపణను నియమితాధికారికి తెలుపవచ్చును. హక్కు తీసికొన్నందుకు ప్రకటన నాటి భూమి విలువలో నూటికి 10 వంతులు, పంటకును చెట్లకును కలిగిన నష్టమునకు వేరుగా పరిహారము లభించును. ఈ పది వంతులు చాలునా యని రైతులు అడుగుచుందురు. అది అడుగదగిన ప్రశ్నయే. కాని పరిహారము పుచ్చుకొన్న తరువాత గొట్టము మీది నేలను ఇష్టము వచ్చినట్లు వాడుకొనుటకు హక్కు లేదు. ఆ పట్టీలో ఇల్లు గాని షెడ్డు గాని కట్టరాదు. బావి, చెరువు త్రవ్వరాదు. చెట్లు నాటరాదు. వరి, మినుము, పెసర వేసికొనవచ్చును. గొట్టమునకు బుద్ధిపూర్వకముగా నష్టము కలిగించువారికి 2011లో చేసిన సవరణ వలన శిక్షలు మునుపటికంటె కఠినమైనవి.

సంస్థల మీద కూడ కట్టుబాట్లు కలవు. 2006 నాటి చట్టము ననుసరించి పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి ఏర్పడినది. గొట్టముల నిర్మాణము, లోతు, పూత, కవాటములు మొదలగువాటికి 2009లో సాంకేతిక భద్రతా ప్రమాణములను, ఆపత్సమయమున చేయవలసిన పనులకు 2010లో నియమములను, గొట్టము జీవితకాలమంతయు దాని దృఢత్వమును పరీక్షించుచుండుటకు 2012లో వేరొక నిబంధనావళిని ఈ మండలి జారీచేసినది. వీటి ప్రకారము గొట్టము వెంబడి మనుష్యులు నడచి చూడవలెను, లీకులను పరికరములతో వెదకవలెను, గొట్టము లోపలికి ఒక పరీక్షాయంత్రమును పంపి ఎక్కడ లోహము పలుచనైనదో కొలువవలెను. ఆ యంత్రమునకు ఇంజనీర్లు పెట్టిన పేరు “పిగ్”, అనగా పంది. పేరు విని నవ్వవచ్చును గాని నగరం వంటి చోట లోపలి తుప్పును ముందుగా పట్టగలిగినది అదియే.

చేపల చెరువు, గొట్టము

మన ప్రాంతమునకు సంబంధించి అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇది. గుడివాడ, ముదినేపల్లి, బంటుమిల్లి, కృత్తివెన్ను వైపుల వరిచేలు చేపల, రొయ్యల చెరువులుగా మారుచున్నవి. చెరువు త్రవ్వుటకు పెద్ద ప్రొక్లెయిను యంత్రము వచ్చును. గొట్టము సుమారు ఒక మీటరు లోతున ఉండును. యంత్రపు బొచ్చె తగిలిన వెంటనే గొట్టము పగిలినచో ఏమగునో అందరికిని తెలియును. పగులకపోవుట కూడ మేలు కాదు. గొట్టముపై గల రక్షణపూత గీచుకొనిపోవును, అచ్చట తుప్పు మొదలగును, కొన్ని సంవత్సరములకు ఆ గీతయే తూటగును. అప్పటికి యంత్రమును తెచ్చినవాడెవడో ఎవరికిని జ్ఞప్తి యుండదు.

ఇంకొక చిక్కు కలదు. వాయువు నిండిన గొట్టము తేలికయైనది. నీటిలో నది పైకి తేలజూచును. అందుచేతనే నీరు నిలుచు నేలలలో ఇంజనీర్లు దానికి కాంక్రీటు తొడుగు వేసి బరువు పెంచుదురు. పైనున్న మట్టిని తీసి అచ్చట నీరు నింపినచో ఆ లెక్క తలక్రిందులగును. చెరువు అడుగున లీకు కలిగినను బాగుచేయువారు అచటికి చేరుట సులభము కాదు. చెరువు అనుమతి మత్స్యశాఖ ద్వారా వచ్చునదే యైనను, ఏ సర్వే నంబరులో యంత్రము దిగినదో మొదట తెలియునది గ్రామమునకే.

ఉప్పు నేల

దివిసీమ వారికి ఇనుము తుప్పు గూర్చి చెప్పనక్కరలేదు. నాగాయలంక, కోడూరు వైపుల చేతిపంపు గొట్టములు, ట్రాక్టరు భాగములు ఎంత త్వరగా పాడగునో వారు చూచుచునే యున్నారు. ఉప్పు కలిసిన తడినేల విద్యుత్తును బాగుగ ప్రసరింపజేయును. తుప్పు అనునది నిజమునకు ఒక విద్యుత్ క్రియయే. దీనిని అరికట్టుటకు గొట్టమునకు పూత వేయుటయే గాక, స్వల్పమైన విద్యుత్తును ఎదురుగా ప్రసరింపజేయుదురు. ఇది సరిగా పనిచేయుచున్నదో లేదో చూచుటకు గొట్టము పొడవునను తీగలు గల చిన్న పరీక్షాస్తంభములుండును. ఆ రాగితీగ దొంగిలినవానికి దక్కునది కొద్ది రూపాయలే. ఆ పైన గొట్టము తుప్పు నుండి కాపాడబడుచున్నదో లేదో చెప్పగల సాధనము మాత్రము పోవును. ఉప్పునీరు చొచ్చుకొనివచ్చు సముద్రతీర మండలములలో ఏ ఉక్కు గొట్టము వేసినను ఈ పరీక్ష మరింత తరచుగా జరుగవలెనని పంచాయతీలు కోరుట న్యాయము.

నిప్పంటని లీకు

మనుష్యసంచారము లేని పొలములో వాయువు లీకైనచో ఎవరికిని హాని లేదు గదా యని కొందరు తలంతురు. మీథేను వాతావరణములో సుమారు 12 సంవత్సరములు నిలిచి, వేడిని పట్టియుంచును. ఇరువది సంవత్సరముల కాలమున లెక్కించినచో బొగ్గుపులుసు వాయువు కంటె దానికి 80 రెట్లకు పైగా తాపశక్తి కలదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. సముద్రము వేడెక్కిన కొలది తుపానుల బలము హెచ్చును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన దివిసీమకు ఇది దూరపు మాట కాదు. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన చట్టము ప్రకారము గ్యాసు సంస్థలు ప్రమాదకరములైన లీకులనే గాక చిన్నవాటిని కూడ వెదకి, గడువులోగా బాగుచేయవలెను. వరిమళ్ళ నుండియు మీథేను పుట్టుచున్నది గదా యని ఒక వాదము కలదు. అది నిజమే. అయితే వరి మనకు అన్నము పెట్టుచున్నది. లీకైన వాయువు సంస్థకు కూడ నష్టమే.

మన మళ్ళలో బుడగలు వచ్చుట సహజము గనుక గొట్టపు లీకును గుర్తించుటకు ఒక సూచన. బురద బుడగలు అడుగు పెట్టినపుడు, అక్కడొకటి ఇక్కడొకటిగా వచ్చును. గుర్తు స్తంభముల వరుసలో ఒకే చోట ఎడతెగక బుడగలు లేచినను, పచ్చని చేనిలో ఒక్క చోటనే పైరు పసుపుపచ్చగా మారినను, బుసకొట్టు ధ్వని వినబడినను అనుమానింపవలెను.

పంచాయతీ త్రవ్వకములు

కృష్ణా జిల్లాలో ఇండ్లకు గొట్టముల ద్వారా గ్యాసు నందించుటకు మేఘా ఇంజనీరింగ్ సంస్థకు నియంత్రణ మండలి అనుమతి నిచ్చినది. వీథులలో వేయునవి ప్లాస్టిక్ గొట్టములు, సాధారణముగా పసుపు లేక నారింజ రంగువి. వాటికి తుప్పు లేదు గాని గునపము పోటుకు ఆగవు. వీథిలో గునపము వేయువారు చాలవరకు పంచాయతీ పనివారే: మంచినీటి కుళాయి కొరకు, సైడుకాలువ కొరకు, వీథిదీపపు స్తంభము కొరకు. కావున పని అప్పగించుటకు ముందు గ్యాసు సంస్థకు తెలిపి, వారి మనిషి వచ్చి గొట్టమును చూపిన తరువాతనే త్రవ్వునట్లు గుత్తేదారుతో షరతు వ్రాయించుకొనవలెను. ఇందుకొరకే “కాల్ బిఫోర్ యు డిగ్” అను మొబైల్ యాప్ 2023 మార్చి 22న ప్రారంభింపబడినది.

లీకు కనబడినపుడు అగ్గిపుల్ల గీయరాదు. స్విచ్చి వేయరాదు, వేసియున్నదానిని తీయనురాదు. మోటారు సైకిలు, ట్రాక్టరు, చెరువులోని ఏరియేటరు ఏదియు ఆ సమీపమున నడుపరాదు. గాలి వీచు దిక్కునకు ఎదురుగా ప్రజలను తరలించి, దూరము పోయిన తరువాత 112కు గాని, అగ్నిమాపక శాఖవారి 101కి గాని, స్తంభముపై గల సంఖ్యకు గాని ఫోను చేయవలెను. గోనెపట్టా చుట్టుట, మట్టి పోయుట, కవాటము త్రిప్పుట గ్రామస్థులు చేయరాదు. మండుచున్న వాయువును నీటితో ఆర్పబూనరాదు. వాయువు ఆగకుండ మంట ఆరినచో ప్రమాదము హెచ్చును.

తమ గ్రామము క్రింద గొట్టము గల పంచాయతీలు రాబోవు గ్రామసభలో తీర్మానము చేసి, గొట్టము పోవు సర్వే నంబర్ల పటమును సంస్థనుండి తెప్పించుకొని కార్యాలయపు గోడకు తగిలింపవలెను. కడపటి లీకు పరీక్ష, లోపలి పరీక్ష ఎప్పుడు జరిగినవో తేదీలతో వ్రాతమూలముగా అడుగవలెను. సంస్థ జరుపు ఆపద్రక్షణ అభ్యాసమునకు పాఠశాలవారిని, చెరువు యజమానులను, టీ దుకాణములవారిని పిలువవలెను. గ్రామస్థుడు తెచ్చిన ప్రతి ఫిర్యాదును తేదీ, గంట, సర్వే నంబరుతో ఒక పుస్తకములో ఎక్కించి, ఒక నకలును తహసీలుదారునకును, మరియొకటి సంస్థకును పంపి, అందినట్లు రశీదు తీసికొనవలెను.