దద్దుర్లు - ఓర్పు, ఉపాయము

చర్మము మన శరీరమునకు సహజమైన కవచము. ఎండకును, చలికిని, దుమ్మునకును, సూక్ష్మక్రిములకును మొట్టమొదట ఎదురునిలుచునది అదియే. గుండెలోనో ఊపిరితిత్తులలోనో కలిగిన వ్యాధి పరుల కంటికి కనబడదు. చర్మమునకు కలిగిన వ్యాధి పదిమంది కంటను పడును. కావుననే చర్మవ్యాధి గలవారి బాధ రెండింతలు. ఒకటి శరీరమునకు కలుగు బాధ. రెండవది మనస్సునకు కలుగు బాధ. అట్టి వ్యాధులలో దద్దుర్లు ఒకటి.

దూలగొండి నూగు తగిలినచోట చర్మము ఎట్లు పొంగునో మీరెఱుగుదురు. ఏమియు తగులకయే చర్మము అట్లు ఉబ్బి, ఎఱ్ఱబడి, దురద పెట్టినచో దానిని దద్దురు అందురు. కొన్ని దద్దుర్లు కందిగింజంత యుండును; కొన్ని అరచేయి వెడల్పున వ్యాపించును. సాధారణముగా ఒక్కొక్క దద్దురు 24 గంటలలోపల మచ్చయైనను మిగుల్పక మాయమగును. కాని ఒకచోట అణగుచుండగనే మఱియొకచోట లేచును. ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఇవి వచ్చును. పెక్కుమందికి కొలదిదినములలోనే తగ్గిపోవును. ఆఱు వారములు దాటియు విడువనిచో దానిని దీర్ఘకాలిక వ్యాధిగా వైద్యులు పరిగణింతురు.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. మన ఆయుర్వేద గ్రంథమైన మాధవనిదానము దీనిని శీతపిత్తము, ఉదర్దము, కోఠము అను పేళ్లతో వర్ణించినది. చల్లగాలి తగులుట దీనికి కారణమనియు, కందిరీగ కుట్టినట్లు చర్మము వాచుననియు అందు చెప్పబడినది. పాశ్చాత్యదేశములలో 1878లో పాల్ ఎర్లిక్ అను జర్మను పరిశోధకుడు, తాను ఇంకను విద్యార్థిగా నున్నప్పుడే, శరీరములోని ఒక విధమగు కణములను గుర్తించి వానికి మాస్ట్ కణములని పేరిడెను. ఈ కణములు చర్మములోని సన్నని రక్తనాళముల చెంత కొలువై యుండును. వీనిలో హిస్టమిన్ అను రసాయనము చిన్న చిన్న రేణువులలో నిలువ యుండును. ఏదేని ప్రేరణ కలిగినప్పుడు ఈ కణములు ఆ రసాయనమును వెలికి గ్రుమ్మరించును. అంతట రక్తనాళములు వెడల్పగును, చర్మము ఎఱ్ఱబడును. పొలముగట్టునకు గండి పడినప్పుడు నీరు ప్రక్కమడిలోనికి ఊరినట్లు, నాళములలోని ద్రవము వెలుపలికి ఊరును, చర్మము ఉబ్బును. నాడులు రేగును, దురద పుట్టును. హిస్టమిన్ ప్రభావము నరికట్టు మందులకు దారి చూపిన డేనియల్ బోవే అను శాస్త్రజ్ఞునకు 1957లో నోబెల్ బహుమానము లభించినది.

మఱి ఆ కణములను రెచ్చగొట్టునది ఏది? అప్పుడప్పుడు వచ్చి పోవు దద్దుర్లకు ఒక ఆహారమో, ఒక మందో, జ్వరము వంటి అంటువ్యాధియో కారణము కావచ్చును. దీర్ఘకాలికమైనవానికి మాత్రము వెలుపలి కారణమేదియు తఱచుగా దొరకదు. కావలివాడు ఇంటివానినే దొంగయని భ్రమపడినట్లు, శరీరమును రక్షింపవలసిన పదార్థములే ఆ కణములను రెచ్చగొట్టుట పెక్కుమందిలో కనబడినది. మఱికొందఱికి చన్నీరు తగిలినను, నడుమున పట్టీ బిగిసినను, పరుగెత్తి చెమటపట్టినను దద్దుర్లు లేచును. ఈ సంగతి తెలియక కొందఱు పెద్దలు రక్తము చెడినదని తలచి, వంకాయ, గోంగూర, గ్రుడ్డు, చేప మొదలగువాని నన్నిటిని ఒక్కమాఱుగ మాన్పింతురు. ఒక పదార్థము తినిన ప్రతిసారియు దద్దుర్లు వచ్చుచున్నట్లు వైద్యుడు నిర్ధారించిననే దానిని మానవలెను. ఎదుగు వయస్సున ఊరక పథ్యము పట్టినచో వ్యాధి తగ్గదు సరికదా, శరీరము బలహీనమగును.

ఎనిమిదవ తరగతి చదువు ఒక బాలికకు ఈ వ్యాధి వచ్చినదనుకొనుడు. ఉదయము లేచునప్పటికి కనురెప్పలు వాచియున్నవి. బడికి పోగా బల్లమీద ప్రక్కన కూర్చుండు చెలికత్తె కొంచెము దూరముగ జరిగినది. ఇంకొకతె తన సీసాలోని నీరు ఇచ్చుటకు వెనుకాడినది. చేతులు కనబడకుండ ఆ బాలిక మండువేసవిలో పొడుగుచేతుల చొక్కా తొడిగికొన్నది. ఉక్కకు దురద మఱింత హెచ్చినది. రాత్రి నిద్రలేదు, పగలు పాఠము తలకెక్కదు. ఇంటికి వచ్చిన చుట్టములందఱును “ఇంకను తగ్గలేదా అమ్మా?” యని అడుగువారే. తగ్గకుండుట తన తప్పే యన్నట్లు ఆమెకు తోచును. తుదకు ఆటలు మానుకొని, పిలిచినను ఎవరియింటికిని పోక, ఒంటరిగా నుండ నారంభించును. దద్దురు ఒక్కదినములో మాయమగును. ఈ ఒంటరితనము మాత్రము అంత సులభముగ మాయము కాదు. కావున ఈ వ్యాధియందు జయింపవలసినది దురదను మాత్రమే కాదు, సిగ్గును గూడ.

ఆమె చేయదగిన పనులు కలవు. మొదటిది వైద్యుని సలహా. సెటిరిజిన్, లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్ వంటి మందులు ఈ వ్యాధికి ముఖ్యమైనవి. పూర్వపు మందులవలె ఇవి అంతగా మగతను కలిగింపవు. చదువుకొనువారికి ఇది గొప్ప మేలు. దురద లేచినప్పుడు మాత్రమే గాక, వైద్యుడు చెప్పినన్ని దినములు విడువక వానిని పుచ్చుకొనవలెను. మోతాదును హెచ్చించుటయు తగ్గించుటయు వైద్యుని పని, మనది కాదు. వీనికి లొంగని వ్యాధికి ఒమాలిజుమాబ్ అను సూదిమందు కలదు. పండ్రెండేండ్లు నిండినవారికి దీనిని వాడుటకు 2014లో అమెరికా దేశమున అనుమతి లభించినది.

రెండవది చిన్న లెక్క. ఒక నోటుపుస్తకమున ప్రతిదినమును వ్రాసికొనవలెను. దద్దుర్లు లేనిచో 0. ఇరువదికంటె తక్కువైనచో 1. ఇరువది మొదలు ఏబదివరకు 2. అంతకు మించినచో 3. దురదకును ఇట్లే 0 మొదలు 3 వరకు అంకెలు వేయవలెను. దినమునకు 6, వారమునకు 42 మించదు. వైద్యులును ఈ లెక్కనే వాడుదురు. “చాల బాధగా నున్నది” అనుటకంటె “పోయినవారము 30, ఈవారము 18” అని చెప్పుట వైద్యునకు ఎక్కువ ఉపకరించును; వ్యాధి తగ్గుచున్నదని తెలిసికొనుట రోగికిని ధైర్యము నిచ్చును.

మూడవది జాగ్రత్త. వదులైన నూలుబట్టలు ధరింపవలెను. గోళ్లతో గోకక తడిగుడ్డ నద్దవలెను. చలివలన దద్దుర్లు వచ్చువారు మాత్రము అట్లు చేయరాదు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పిమాత్రలు వ్యాధిని పెంచవచ్చును. అడుగకుండ వానిని మింగరాదు. పెదవులో నాలుకయో వాచి, ఊపిరి ఆడక, గొంతు బొంగురుపోయి, తల తిరిగినచో అది ప్రాణాపాయమునకు సూచన. ఒక్క నిమిషమైనను జాగుచేయక 108కు ఫోను చేయించి ఆసుపత్రికి పోవలెను.

నాలుగవది మాట. దాచికొనినకొలది అనుమానము పెరుగును. “ఇవి దద్దుర్లు. అంటుకొనునవి కావు. కొంతసేపటికి అవియే పోవును” అని నెమ్మదిగ ఒక్కమాఱు చెప్పినచో పెక్కు ప్రశ్నలు ఆగిపోవును. ఉపాధ్యాయునకు ముందుగా తెలిపినచో గాలివచ్చు కిటికీ ప్రక్కన చోటు దొరకును. పరీక్షదినమున బాధ కలిగినను అర్థము చేసికొనువారుందురు.

తోటి విద్యార్థులకును ఒక కర్తవ్యము కలదు. ముట్టుకొన్నందువలనను, ప్రక్కన కూర్చున్నందువలనను, కలిసి తినినందువలనను దద్దుర్లు అంటవు. కావున దూరముగ జరుగుట అజ్ఞానము, పరిహసించుట క్రూరత్వము. ప్రతిదినమును తగ్గినదా యని అడుగుటకంటె ఆటకు పిలుచుట మేలు.

దీర్ఘకాలికమైన దద్దుర్లు చాలమందికి కొన్ని మాసములకో, కొన్ని సంవత్సరములకో తమంతట తామే అణగిపోవును. ఎప్పుడని ఎవరును నిశ్చయించి చెప్పలేరు. అంతవరకు ఓర్పు వహింపవలెను. ఓర్పు అనగా చేతులు ముడిచికొని కూర్చుండుట కాదు. వేళకు మందు పుచ్చుకొనుచు, లెక్క వ్రాసికొనుచు, చదువును ఆటలను విడువక ముందునకు సాగుటయే ఓర్పు.

ప్రశ్నలు

1. చర్మవ్యాధి గలవారి బాధ రెండింతలని చెప్పుటకు కారణమేమి?
2. దద్దురు పుట్టు విధమును మీ సొంతమాటలలో వివరింపుడు.
3. నోటుపుస్తకమున అంకెలు వేయుటవలన రోగికిని వైద్యునకును కలుగు మేలెట్టిది?
4. మీ తరగతిలో నొకరికి దద్దుర్లు వచ్చినచో మీరు ఎట్లు ప్రవర్తింతురు?