పాత అంబాసిడర్‌కు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పనికొస్తుందా?

ప్రశ్న: నాన్నగారి పెట్రోలు అంబాసిడర్ వానాకాలంలో ఒకపట్టాన స్టార్ట్ కాదు. సీబీ పాయింట్లు రుద్దిస్తే నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయించవచ్చా?
– ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: నిరభ్యంతరంగా వేయించండి. పాయింట్లు తెరుచుకున్నప్పుడల్లా వాటి కొసలు కొద్దికొద్దిగా కాలుతాయి. క్యామ్‌కు రాసుకునే భాగం అరిగి గ్యాప్ తగ్గుతుంది. మీ ఊరి ఉప్పుగాలికి చిలుమూ తోడవుతుంది. ఎలక్ట్రానిక్ కిట్‌లో రాపిడి ఉండదు కాబట్టి ఈ బాధలు తప్పుతాయి.

అయితే ముందు ఇవి చూడండి:

1. డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌లో చెమ్మ, పగుళ్లు ఉంటే కిట్ వేసినా ఫలితం ఉండదు. క్యాప్, ప్లగ్ వైర్లు ముందు మార్చండి.

2. బ్యాటరీ ఏ కొస బాడీకి కలిపి ఉందో చూసి, దానికి తగిన కిట్టే కొనండి. తారుమారైతే మాడ్యూల్ కాలిపోతుంది.

3. కాయిల్ రెసిస్టెన్స్ కిట్ కాగితంలో చెప్పినంత ఉండాలి.

4. పాయింట్లు, కండెన్సర్ తీసి కిట్ బిగించాక టైమింగ్ లైట్‌తో టైమింగ్ మళ్లీ సరిచేయించండి.

5. ఇంజిన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదలకండి. కాయిల్ వేడెక్కుతుంది.

తీసిన పాయింట్లు, కండెన్సర్ డిక్కీలోనే ఉంచండి. దివిసీమ దారిలో మాడ్యూల్ పోతే అవే ఇల్లు చేరుస్తాయి.

డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ పక్కకు ఊగుతున్నా, కిట్ వేశాక ఇంజిన్ టకటకమని కొట్టుకుంటున్నా బండి నడపకండి. విజయవాడ ఆటోనగర్‌లో పాత పెట్రోలు ఇంజిన్లు తెలిసిన మెకానిక్‌కు వెంటనే చూపించండి.