తిరిగిచ్చేదెవరో ముందే తేల్చుకో

పెబ్బేరు

చిరంజీవి మేనకోడలికి,

వనపర్తి పాలిటెక్నిక్‌లో చదివిన మా బిడ్డ హైదరాబాదులో ఉద్యోగం చేస్తోందంటే ఇక్కడ అందరికీ సంతోషమే. నీ మెసేజ్ చదివాను. పొద్దున మంచిగ నడిచిన ప్రోగ్రామ్ సాయంత్రానికి నెమ్మదించి ఆగిపోతోందని, రీస్టార్ట్ చేస్తే మళ్లీ బాగుంటోందని, అది చాలదా మామా అని అడిగావు. చాలదు బిడ్డా. రీస్టార్ట్ చేసినప్పుడు ఆ ప్రోగ్రామ్ పట్టుకున్న మెమరీనంతా ఆపరేటింగ్ సిస్టమ్ వెనక్కి తీసుకుంటుంది. తప్పు మాత్రం కోడ్‌లో అట్లనే ఉంటుంది, రేపు మళ్లీ వస్తుంది.

కాలేజీలో నేర్చిన సీ భాషను ఒకసారి గుర్తు తెచ్చుకో. ఫంక్షన్‌లోని మామూలు వేరియబుల్స్ స్టాక్‌లో ఉంటాయి, ఫంక్షన్ ముగియగానే వాటంతటవే పోతాయి. మాలక్ ఫంక్షన్‌తో హీప్‌లో తీసుకున్న చోటు అట్ల కాదు. నువ్వు ఫ్రీ అని పిలిచేదాకా అది నీ పేరనే ఉంటుంది. మన శనివారం సంతలో ఎడ్లను అమ్మినాయన గుంజకు తాడు అట్లనే వదిలి ఇంటికి పోతే, జాగా ఖాళీగ కనబడుతున్నా వెనకొచ్చినవాడు తన ఎడ్లను కట్టుకోలేడు. ఒకరిద్దరు చేస్తే ఎవరికీ తెలియదు. వచ్చినవాళ్లంతా అదే చేస్తే కొత్తవాళ్లకు చోటే మిగలదు. మెమరీ లీక్ అంటే అదే.

చిన్న లీకే కదా అనుకోకు. 1992లో లండన్ అంబులెన్స్ సర్వీసు కొత్తగా కంప్యూటర్ వ్యవస్థ పెట్టుకుంది. బండిని పంపిన ప్రతిసారీ సర్వర్‌లో కొద్దిపాటి మెమరీ తీసుకొని తిరిగివ్వని కోడ్ ముక్క ఒకటి అందులో మిగిలిపోయింది. మూడు వారాల్లో అది పేరుకుపోయి, నవంబరు 4 తెల్లవారుజామున వ్యవస్థ మొత్తం ఆగిపోయింది. మన దగ్గర 108 అంబులెన్స్ సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉండే మనకు ఆ బండి విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. నువ్వు రాసే ప్రతి ప్రోగ్రామ్ వెనుక అటువంటి పని ఒకటి ఉందనుకొనే రాయి.

మాది జావా భాష, వాడని మెమరీని దానంతటదే వెనక్కి తీసుకునే గార్బేజ్ కలెక్టర్ ఉంది కదా అంటావు. ఆ పద్ధతిని 1959 ప్రాంతంలో లిస్ప్ భాష కోసం జాన్ మెకార్తీ కనిపెట్టాడు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డికి స్టాన్‌ఫర్డ్‌లో గురువు ఆయనే. ఆ కలెక్టర్ ఏం చేస్తుందో సరిగ్గా తెలుసుకో. ప్రోగ్రామ్ వాడుతున్న చోటు నుంచి బయలుదేరి, రెఫరెన్సుల వెంట పోయి, చేరగలిగిన ప్రతి ఆబ్జెక్టుకూ గుర్తు పెడుతుంది. గుర్తు లేనివాటిని తీసేస్తుంది. అది చూసేది దారి ఉందా లేదా అన్నది మాత్రమే. నీకు ఆ వస్తువుతో పని తీరిందో లేదో దానికి తెలియదు. వచ్చిన ప్రతి రిక్వెస్టునూ ఒక స్టాటిక్ మ్యాప్‌లో వేసి తీయడం మరిచిపోతే, అవన్నీ ఇంకా కావాలనే అది అనుకుంటుంది. నీ ప్రోగ్రామ్‌లో నా అనుమానం ముందుగా అటే పోతోంది.

అనుమానంతో కోడ్ మార్చకు, ముందు కొలువు. హీప్‌లో ఏమేం ఉన్నాయో చూపే హీప్ డంప్‌ను పొద్దున ఒకటి, ఆగిపోయే ముందు ఇంకొకటి తీసి, ఏ క్లాసు ఆబ్జెక్టులు పెరిగాయో, వాటిని ఎవరు పట్టుకున్నారో చూడు. క్యాష్ ఉంటే దానికి హద్దు పెట్టు. రిజిస్టర్ చేసిన లిజనర్‌ను పని కాగానే తీసెయ్యి. ఫైళ్లు, డేటాబేస్ కనెక్షన్లను కలెక్టర్‌కు వదలకు, అది ఎప్పుడు వస్తుందో చెప్పలేం. తెరిచినచోటే మూసే ఏర్పాటు రాయి. ఎర్రర్ వచ్చి ఫంక్షన్ మధ్యలో బయటికి వచ్చే దారులను మరీ జాగ్రత్తగా చూడు. లీకులు ఎక్కువగా దాగేది అక్కడే.

భయపడి తొందరగా విడిచిపెట్టడమూ ప్రమాదమే. సీలో ఫ్రీ చేసిన చోటును మళ్లీ వాడితే అక్కడ వేరేవాళ్ల డేటా ఉండొచ్చు. దొంగలు చొరబడేది అటువంటి సందుల్లోంచే. అందుకే 2015లో తొలి స్థిర రూపం వచ్చిన రస్ట్ భాష ప్రతి విలువకూ ఒక యజమానిని పెట్టింది. యజమాని పరిధి ముగిస్తే మెమరీ తిరిగిపోతుంది, ఆ లెక్క తప్పితే ప్రోగ్రామ్ కంపైలే కాదు. నువ్వు ఏ భాషలో రాసినా ఆ అలవాటు చేసుకో. చోటు తీసుకునే లైను రాసేటప్పుడే, దీన్ని తిరిగిచ్చేదెవరు, ఎప్పుడు అని అడుగు. జవాబు దొరకకపోతే ఆ లైను ఇంకా పూర్తి కానట్టే.

రోజూ రాత్రి రీస్టార్ట్ అయ్యేట్టు పెట్టెయ్యమని మీ ఆఫీసులో అంటారు. పెట్టు, వాడేవాళ్లకు ఆ పూట ఇబ్బంది తప్పుతుంది. కారణం వెతకడం మాత్రం ఆపకు, దొరికేదాకా ఆ పనిని నీ పేరు మీదనే ఉంచుకో.

ఇట్లు,
మీ మామ