వరిగడ్డి దుప్పటి కింద మెట్ట వరి

నేను ఉంటున్న బాతెల్‌లో (వాషింగ్టన్ రాష్ట్రం) వసంతం రాగానే ఇళ్ల ముందు మొక్కల మొదళ్లలో చెట్ల బెరడు ముక్కలు పరుస్తారు. చలికాలమంతా వాన పడినా ఇక్కడ జులై, ఆగస్టు నెలలు పొడిగానే ఉంటాయి. తేమ ఆరకుండా, కలుపు మొలవకుండా ఈ ఏర్పాటు. దీన్నే మల్చింగ్ అంటారు. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో దీని పేరు ఆచ్ఛాదన. మరి మన మెట్ట వరికి ఇది ఎంతవరకు పనికొస్తుంది?

నీళ్లకు బదులు గడ్డి

మాగాణి మడిలో నిలిచిన నీరు పైరు దాహం తీర్చడమే కాదు, చాలా రకాల కలుపును మొలవనివ్వదు. పొడి దుక్కిలో విత్తే మెట్ట వరికి ఆ రక్ష లేదు. వరీ కలుపూ ఒకేసారి మొలిచి పోటీ పడతాయి. వరుసల మధ్య పరిచిన వరిగడ్డి ఎండను అడ్డుకుని, ఆ నీటి పొర చేసే పనిలో కొంత తాను చేస్తుంది. తుంగ మాత్రం గడ్డిని చీల్చుకుని వస్తుంది, దాన్ని చేత్తో పీకవలసిందే.

లెక్క చూద్దాం

ఎకరంలో 1 మిల్లీమీటరు నీరంటే సుమారు 4,000 లీటర్లు. పైరు నేలను కమ్మేలోపు రోజుకు అంత ఆవిరిని ఆపగలిగినా, పది రోజుల్లో 40,000 లీటర్లు నేలలోనే ఉంటాయి. మా కంప్యూటర్ల భాషలో చెప్పాలంటే నేల ఒక బఫరు; గడ్డి దానిలోకి కొత్త నీళ్లు తేదు, ఉన్నవాటిని త్వరగా ఖాళీ కానివ్వదు.

దిగుబడి మాటేమిటి?

మొదట్లో తేమ ఉంటే పిలకలు ఎక్కువగా వేస్తాయి. పొట్ట, పూత దశల్లో బెట్ట తగిలితే తాలు పెరుగుతుంది. ఆ రోజులకు తేమ మిగిలితే గింజ పాలుపోసుకుంటుంది. అందుకే వానలు సమంగా పడిన ఏడు గడ్డి వల్ల పెద్ద తేడా కనబడకపోవచ్చు. నడుమ వాన ఎగ్గొట్టిన ఏడు దాని విలువ తెలుస్తుంది.

జాగ్రత్తలు

వరిగడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని కొంతకాలం వాడుకుంటాయి, పైరు పసుపుబారుతుంది. గడ్డిని దున్నేస్తే ఈ ఇబ్బంది ఎక్కువ, పైన పరిస్తే తక్కువ. చెదలున్న నేలలో గమనిస్తూ ఉండాలి.

గొర్రుతో వరుసల్లో విత్తి, మొలక నిలదొక్కుకున్నాక ఎకరాకు 2 టన్నుల వరకు, అంటే చదరపు మీటరుకు అరకిలో, పరచవచ్చు. ఆ గడ్డి పశువుల మేత కూడా కాబట్టి మొదట 5 సెంట్లలో చూడండి. పక్కనే గడ్డి వేయని 5 సెంట్లు ఉంచి కలుపు కూలి, పిలకలు, తాలు, ధాన్యం బరువు రెండుచోట్లా రాసుకోండి. కోత మిషను వదిలిన గడ్డికి నిప్పు పెట్టేముందు మీ ఊళ్లోవాళ్లకు ఈ లెక్క ఒక్కసారి చెప్పండి.