దాత క్రియాటినిన్ ఎక్కువంటే వద్దనేస్తావా చెల్లీ?

ఏళ్ల తరబడి డయాలసిస్ చేయించుకుంటున్న మనిషికి అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో కిడ్నీకి వంతు వచ్చిందని ఆసుపత్రి నుంచి కబురొస్తుంది. ఆ వెంటనే, "దాత క్రియాటినిన్ నాలుగు ఉంది, మీకు సమ్మతమేనా?" అని అడుగుతారు. కిడ్నీలు వడకట్టి పంపేయాల్సిన ఈ వ్యర్థం రక్తంలో ఒకటి దగ్గర ఉండాల్సింది నాలుగంటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. పాడైపోయిన కిడ్నీ అంటగడుతున్నారేమోనని అనుమానమూ వస్తుంది. ఆ తొందరలో వద్దనకు తల్లీ, కాస్త నా మాట విను.

రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి బ్రెయిన్ డెడ్ అయిన కుర్రాణ్ణి తలుచుకో. నెత్తురు పోయి, బీపీ పడిపోయి, కిడ్నీలకు రక్తం సరిగా అందక నాలుగు రోజుల్లోనే క్రియాటినిన్ పెరిగిపోతుంది. అంతకుముందు ఆ కిడ్నీలు నిక్షేపంలా ఉన్నవే. లోపలి సన్నని గొట్టాల్లో దెబ్బతిన్న కణాల చోట కొత్తవి పుట్టుకొస్తాయి. షుగరు, బీపీ ఏళ్లకేళ్లు నమిలేసిన కిడ్నీ సంగతి అలా కాదు. అక్కడ పడిన మచ్చలు మానవు. అందుకే డాక్టర్లు దాత ఆసుపత్రిలో చేరిన రోజు క్రియాటినిన్ ఎంతో, వయసెంతో చూస్తారు. అవసరమైతే బయాప్సీ కూడా చేస్తారు.

అమెరికాలో 13 వేలమందికి పైగా గ్రహీతల వివరాలు పరిశీలించి 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. దాతల్లో ఇలా దెబ్బతిన్న కిడ్నీలు పెట్టించుకున్నవాళ్లలోనూ, మామూలు కిడ్నీలు పెట్టించుకున్నవాళ్లలోనూ కిడ్నీ నిలిచిన తీరులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అయితే మొదటి రోజులు కష్టంగానే గడుస్తాయి, దాచను. ఆపరేషన్ అయ్యాక కిడ్నీ వెంటనే పనిచేయకపోవచ్చు. మూత్రం సంచిలో చుక్క పడదు. మళ్లీ డయాలసిస్‌కి తీసుకెళ్తారు. "ఇంత చేసి ఇదేనా?" అని ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. కొందరికి అది తేరుకోవడానికి రోజులు పడుతుంది, కొందరికి వారాలు. ఈలోగా శరీరం కొత్త కిడ్నీని తిప్పికొడుతోందేమో కనిపెట్టడానికి బయాప్సీ చేయాల్సి రావచ్చు. ఆసుపత్రిలో ఉండే రోజులూ, ఖర్చూ పెరుగుతాయి. ఇదంతా ముందే తెలిసుంటే ఆ రోజుల్లో ధైర్యం చెదరదు.

ఇంకో మాట, ఇది మన ఆడవాళ్ల మాట. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇస్తున్నవాళ్లలో ఎక్కువమంది అమ్మలూ, భార్యలే. చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు పుట్టెడు దుఃఖంలో ఒప్పుకుని ఇచ్చిన కిడ్నీని ఒక్క అంకె చూసి వదిలేస్తే, ఆ భారం మళ్లీ ఏ అమ్మ మీదో పడుతుంది. నాకది అన్యాయమనిపిస్తుంది.

ప్రతి కిడ్నీనీ ఒప్పుకోమని నేననను. దాతకు ముందునుంచీ జబ్బుందా, ఇది కొత్తగా తగిలిన దెబ్బా, మన మనిషి ఇంకా ఎన్నాళ్లు ఆగగలడు? ఈసారి డయాలసిస్‌కి వెళ్లినప్పుడే ఇవన్నీ మీ నెఫ్రాలజిస్టును అడిగి తెలుసుకో, ఇంట్లో అందరూ కూర్చుని ఒక మాట అనుకోండి.