ప్రోగ్రామింగ్ ప్రశ్నలు – జవాబులు: కంప్యూటర్ కన్నా ముందు కాగితం

ప్రశ్న: క్లాసులో మేడమ్ బోర్డు మీద లూప్ చెబుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. పరీక్షలో ‘ఈ ప్రోగ్రాం అవుట్‌పుట్ ఎంత’ అని అడిగితే మాత్రం తప్పు రాస్తున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. అసలు నాకు లాజిక్ పుట్టుకతోనే లేదేమో! నేను రాసిన ఒక జవాబు జత చేస్తున్నాను.
– బీటెక్ మొదటి సంవత్సరం విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: లాజిక్ ఎవరికీ పుట్టుకతో రాదమ్మా. ఆ మాట ఇంకెప్పుడూ అనుకోకు. ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తున్నాయి. రాసేది ఎక్కువగా పల్లెల నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలే. చేతనైన పనిని చేతకాదని వాళ్లు నమ్మేస్తుంటే బాధగా ఉంటుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నువ్వు పంపింది సంఖ్యను తిరగేసే ప్రోగ్రాం. ఎన్ విలువ 120 ఇచ్చారు, నువ్వు 021 అని రాశావు. అంటే ప్రోగ్రాం చేయాల్సిన పనేమిటో చూసి, జవాబు ఊహించావు. లైన్లను నడిపి చూడలేదు. ఇప్పుడు నడుపుదాం, దీన్నే ట్రేసింగ్ అంటారు. కాగితం మీద మూడు గడులు గీసి ఎన్, డి, రెవ్ అని పేర్లు పెట్టు. ఎన్ కింద 120, రెవ్ కింద 0 వెయ్యి. డి లో ఇంకా ఏమీ వేయలేదు కాబట్టి అక్కడ అడ్డగీత పెట్టు.

ఎన్ సున్నా కన్నా పెద్దదా? పెద్దదే, లోపలికి వెళ్లు. 120ని 10తో భాగిస్తే శేషం 0, అది డి. రెవ్‌ని పదితో గుణించి డి కలపాలి. సున్నాని ఎంతతో గుణించినా సున్నాయే కాబట్టి రెవ్ 0గానే ఉండిపోయింది. నీ 021లోని మొదటి సున్నా పోయింది ఇక్కడే. ఎన్‌ని 10తో భాగిస్తే 12. మళ్లీ పైకి వచ్చి కండిషన్ చూడు. 12 పెద్దదే. డి 2, రెవ్ 2, ఎన్ 1. ఎన్ ఇంట్ కాబట్టి సీ భాషలో 1.2 రాదు, దశాంశం రాలిపోతుంది. మళ్లీ పైకి. డి 1, రెవ్ 21, ఎన్ 0. మళ్లీ పైకి. సున్నా సున్నా కన్నా పెద్దదా? కాదు, బయటికి వచ్చెయ్. అవుట్‌పుట్ 21.

చూశావా, లోపలి లైన్లు మూడుసార్లు నడిచాయి, కండిషన్ మాత్రం నాలుగుసార్లు చూడాల్సి వచ్చింది. చాలామంది ఆ నాలుగోసారి చూడడం మర్చిపోతారు. ఒక చుట్టు ఎక్కువో తక్కువో వేసి మార్కులు పోగొట్టుకునేది ఎక్కువగా అక్కడే. ఇంకొకటి, విలువ మారినప్పుడు పాతదాన్ని చెరిపేయకు. ఒక గీత కొట్టి దాని కింద కొత్తది రాయి. తప్పు జరిగితే ఏ చుట్టులో జరిగిందో ఆ కొట్టివేతలే చెబుతాయి.

ఇప్పుడు ఎన్‌ని పదితో భాగించే లైనును కిందినుంచి తీసి, లూప్‌లో అన్నిటికన్నా పైన పెట్టి మళ్లీ గీయి. అవే మూడు లైన్లు, అదే 120. జవాబు 210 వస్తుంది. ఎందుకొచ్చిందో నీ కాగితం చూసి నాకు రాయి. లైన్ల వరస మారితే ఏమవుతుందో ఈ ఒక్క లెక్కతో తెలిసినంతగా ఏ గైడు చదివినా తెలియదు.

ఇక మీడియం సంగతి. ఆన్సీ సీ భాష మొత్తంలో ఉన్న కీవర్డ్‌లు 32. వాటిలో లూప్‌ల కోసం నీకు ముందుగా కావలసినవి ఫర్, వైల్, డూ, బ్రేక్, కంటిన్యూ. ఈ అయిదు మాటలకు భయపడాలా? కాగితం మీద ‘పెద్దదా? అవును. లోపలికి’ అని తెలుగులోనే రాసుకో. తర్వాత సరిచూసుకోవాలంటే పైథాన్ ట్యూటర్ అనే ఉచిత సాధనం ఉంది. ఫిలిప్ గువో తయారుచేశారు. సీ ప్రోగ్రాంనైనా ఒక్కో లైనే నడిపి, విలువలు మారడం చూపిస్తుంది. అయితే ముందు చేత్తో గీయి, ఆ తర్వాతే అది తెరువు.

ప్రశ్న: ఫర్ లూప్ 1 నుంచి 5 వరకు పెట్టాను సార్. అయిదు అంకెలు రావాలి కదా, 6 ఒక్కటే ప్రింట్ అవుతోంది. కంపైలర్ పాడైందా?
– పాలిటెక్నిక్ విద్యార్థి, నల్గొండ

జవాబు: ఫర్ బ్రాకెట్ మూసిన వెంటనే సెమీకోలన్ పెట్టి ఉంటావు, తీసెయ్.

ప్రశ్న: పైథాన్‌లో రేంజ్‌కి 1, 10 ఇస్తే 9 దగ్గరే ఆగిపోతోంది. ఇలా ఎందుకు పెట్టారు? ప్రతిసారీ పొరపాటు పడుతున్నాను.
– డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: రెండో సంఖ్యను చేర్చకపోతే తీసివేత ఒక్కటి చాలు, ఎన్ని చుట్లో తెలిసిపోతుంది. 10లో 1 పోతే 9, తొమ్మిది చుట్లు. కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1982లో ఒక చిన్న వ్యాసంలో ఈ పద్ధతి ఎందుకు మేలో వాదించి చూపించాడు. మొదటి విలువా చివరి విలువా రెండూ కాగితం మీద రాసుకున్నాకే లూప్ రాయి. వారంలో అలవాటైపోతుంది.

ప్రశ్న: ‘ఐ ప్లస్‌ప్లస్’, ‘ప్లస్‌ప్లస్ ఐ’ రెండూ ఒకే లైనులో కూడి, మళ్లీ ఐ లోనే వేస్తే జవాబెంత అని వైవాలో అడిగారు. నేను చెప్పింది తప్పన్నారు. ఇంటికొచ్చి రెండు కంపైలర్లలో చూస్తే రెండు జవాబులు వచ్చాయి.
– ఎంసీఏ విద్యార్థి, గుంటూరు

జవాబు: నీ తప్పేమీ లేదు. ఒకే వ్యక్తీకరణలో ఒకే వేరియబుల్‌ని ఇలా పదేపదే మారిస్తే ఫలితం ఏమిటో సీ స్టాండర్డ్ నిర్ణయించలేదు. కంపైలర్ ఏమిచ్చినా దాన్ని తప్పనలేం. నిర్వచనమే లేని లైనును ట్రేస్ చేయడం ఎవరివల్లా కాదు. ఈ శీర్షిక చదివే అధ్యాపకులకు నా విన్నపం: దయచేసి ఈ ప్రశ్నను మీ క్వశ్చన్ బ్యాంకుల్లోంచి తీసేయండి. పిల్లలు దీన్ని బట్టీపట్టి, ప్రోగ్రామింగ్ అంటే ఇలాంటి చిక్కుముడే అనుకుని దూరమవుతున్నారు. ఆ గంటలో ఒక మంచి వైల్ లూప్ గీయించండి.

ప్రశ్న: బీకాం చదివి కొన్నేళ్లు అకౌంట్స్ చేశాను. ఇప్పుడు అమీర్‌పేటలో పైథాన్ కోర్సులో చేరాను. చాట్‌జీపీటీని అడిగితే క్షణంలో కోడ్ ఇస్తోంది. కాగితం మీద ట్రేసింగ్ అనేది పాతకాలపు పని, టైం వేస్ట్ అంటున్నారు తోటివాళ్లు. నిజమేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిజం కాదండీ. రాయడం యంత్రం చేస్తున్నకొద్దీ, చదివి తప్పు పట్టే పని మీకు పెరుగుతుంది. ఒక సంగతి చెబుతాను.

2008 డిసెంబర్ 31న మైక్రోసాఫ్ట్ వారి ‘జూన్’ (Zune) అనే మ్యూజిక్ ప్లేయర్లలో 30 జీబీ మోడల్ పరికరాలు ఉన్నట్టుండి బిగుసుకుపోయాయి. కారణం, రోజుల లెక్క నుంచి సంవత్సరం తేల్చే ఒక చిన్న వైల్ లూప్. అది 1980 నుంచి మొదలుపెట్టి ఒక్కో ఏడాదీ తీసేస్తూ వస్తుంది. రోజులు 365 కన్నా ఎక్కువ ఉన్నంతసేపు తిరగాలి. లీపు ఏడాది అయితే, రోజులు 366 కన్నా ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రమే 366 తీసేసి ఏడాది పెంచాలి. లీపు కాకపోతే 365 తీసేసి ఏడాది పెంచాలి. చదువుతుంటే ఎక్కడా తప్పు కనబడదు కదా?

అంతకుముందు ఏళ్లన్నీ తీసేశాక ఆ డిసెంబర్ 31కి మిగిలేది 366 కాబట్టి, ఇప్పుడు రోజులు 366, ఏడాది 2008 అని రాసుకోండి. 366 అనేది 365 కన్నా ఎక్కువా? అవును. లీపు ఏడాదా? అవును. 366 కన్నా ఎక్కువా? కాదు. అంటే ఏమీ తీయలేదు, ఏడాదీ పెరగలేదు. మళ్లీ పైకి వెళితే రోజులు 366, ఏడాది 2008. కాగితం మీద రెండో వరుస అచ్చం మొదటి వరుసలాగే వచ్చిందంటే అది ఇన్ఫినిట్ లూప్. బ్యాటరీ అయిపోనిచ్చి, జనవరి 1న మళ్లీ ఛార్జ్ చేసుకోమని కంపెనీ చెప్పాల్సి వచ్చింది. ఆ రోజుకు లెక్క 367 అవుతుంది, లూప్ దానంతటదే దాటిపోతుంది.

200తోనో 500తోనో ట్రేస్ చేసి ఉంటే ఈ తప్పు ఎప్పటికీ దొరికేది కాదు. 365, 366, 367 వేసి చూసినవాళ్లకు రెండు నిమిషాల్లో దొరుకుతుంది. మీకు చాట్‌జీపీటీ ఏ లూప్ ఇచ్చినా సరే, హద్దు మీద ఒకటి, దానికి ముందొకటి, తర్వాతొకటి పెట్టి నడపండి. లిస్టు ఖాళీగా ఉన్నా, అందులో ఒక్కటే ఉన్నా ఏమవుతుందో కూడా చూడండి. ట్రయల్ బ్యాలెన్స్ కలవకపోతే ఒక్కో ఎంట్రీ వెనక్కి చూసుకుంటూ వెళ్లిన చేయి మీది. ఇక్కడ కావలసిన ఓపిక కూడా అదే. ఆ రకంగా మీ తోటివాళ్ల కన్నా మీరే ముందున్నారు. వాళ్ల మాట పట్టించుకోకండి.

ప్రశ్న: లూప్‌లో లూప్ ఉంది. లోపల బ్రేక్ రాస్తే రెండూ ఆగుతాయా?
– ఇంటర్ విద్యార్థి, రాజోలు

జవాబు: లోపలిదొక్కటే ఆగుతుంది బాబూ. రెండూ ఆగాలంటే ఆ రెండు లూప్‌లనూ ఒక ఫంక్షన్‌లో పెట్టి రిటర్న్ రాయి. ఫంక్షన్లు ఇంకా చెప్పకపోతే, దొరికిందా లేదా అని గుర్తుంచుకునే ఒక ఫ్లాగ్ వేరియబుల్ పెట్టుకుని, బయటి లూప్ కండిషన్‌లో దాన్ని కూడా చూడు. ట్రేస్ చేసేటప్పుడు ఆ ఫ్లాగ్‌కీ విడిగా ఒక గడి గీయి.